బీఎస్సీ కెమిస్ట్రీ ప్రాజెక్టు: శాంపిల్ కంటే ముందు మీ డిస్టిల్డ్ వాటర్‌ని పరీక్షించండి

మీరడిగింది ఇది: గుంటూరులో బీఎస్సీ ఫైనల్ ఇయర్, ప్రాజెక్టుకి నాలుగు నెలలే టైముంది, ల్యాబ్‌లో పెద్ద మెషీన్లు లేవు, ఫ్రెండ్సేమో జిరాక్స్ షాపులో రెడీమేడ్ రిపోర్టు కొనేయమంటున్నారు. ఏం చేయాలి?

కొనకండి. నేనూ గుంటూరులోనే చదివాను, మా ల్యాబ్‌లో కూడా బ్యూరెట్లు, పిపెట్లు, ఒక పాత బ్యాలెన్సు, అప్పుడప్పుడు పనిచేసే కలరీమీటరు (ద్రావణం ఎంత కాంతిని పీల్చుకుంటుందో కొలిచేది), అంతే. వాటితోనే పూర్తి చేశాం. ఆ నాలుగు నెలల్లో నేర్చుకున్నది తర్వాత క్వాలిటీ కంట్రోల్ ఉద్యోగంలో రోజూ పనికొస్తోంది.

ముందు టాపిక్ సంగతి. గుంటూరు అనగానే అందరికీ మిరపకాయ గుర్తొస్తుంది. మేమూ మిర్చి యార్డు నుంచి నాలుగైదు రకాల కాయలు తెచ్చి, కారాన్నిచ్చే క్యాప్సైసిన్ ఎంతుందో కొలుద్దామనుకున్నాం. కానీ దాన్ని మిగతా పదార్థాల నుంచి విడదీసి నమ్మకంగా కొలవాలంటే హెచ్‌పీఎల్‌సీ అనే పెద్ద మెషీను కావాలి. అది మాకు లేదు. బయట చేయిద్దామంటే శాంపిల్‌కింత అని డబ్బులు, పైగా రీడింగు మనది కాదు. మా గైడ్ మేడమ్ ఒక్క మాటన్నారు: "ల్యాబ్ బీరువా తెరిచి చూసి టాపిక్ పెట్టుకోండమ్మా, ఇంటర్నెట్ తెరిచి కాదు." మీ కలరీమీటరు బాగా పనిచేస్తుంటే దుగ్గిరాల పసుపు తీసుకోవచ్చు. పసుపుకి రంగునిచ్చే కర్క్యుమిన్ ఆల్కహాల్‌లో 425 నానోమీటర్ల దగ్గర కాంతిని బాగా పీల్చుకుంటుంది కాబట్టి 420 ఫిల్టరుతో పని జరుగుతుంది. మేం మాత్రం నీళ్ళు ఎంచుకున్నాం. బోరు నీళ్ళ కఠినత్వం, అంటే వాటిలోని కాల్షియం, మెగ్నీషియం. కొలిచే పద్ధతి ఈడీటీఏ టైట్రేషన్: ఆ రెండింటినీ పట్టుకునే ఈడీటీఏ ద్రావణాన్ని బ్యూరెట్‌తో చుక్క చుక్కగా వేసి, రంగు మారేసరికి ఎంత పట్టిందో చూడడం.

"ఇది ఫస్టియర్ ప్రాక్టికలే కదా" అని కొందరంటారు. పద్ధతి పాతదే, 1940లలో ష్వార్జెన్‌బాఖ్ అనే స్విస్ కెమిస్టు రూపమిచ్చినది. కానీ ప్రాక్టికల్‌లో జవాబు మేడమ్‌కి ముందే తెలుసు. ప్రాజెక్టులో జవాబు ఎవరికీ తెలియదు. మీరు చెప్పేదే జవాబు. తేడా అంతా అక్కడే ఉంది.

నేనూ, నా పార్ట్‌నరూ కలిసి 12 బోర్లు, 6 మున్సిపల్ కుళాయిల నీళ్ళు సేకరించాం. బోరు మోటారు వేసిన వెంటనే బాటిల్ పట్టకూడదు. పైపులో నిలవున్న నీళ్ళు పోయేదాకా ఐదు పది నిమిషాలు వదిలేసి, అదే నీళ్ళతో బాటిల్‌ని రెండు మూడుసార్లు తొలిచి, అప్పుడు నింపాలి. తేదీ, బోరు లోతు, ఇంటి గుర్తు అక్కడే నోట్‌బుక్కులో రాసేయాలి. చిట్టీల మీద రాయొద్దు. మా చిట్టీలు రెండు పోయాయి.

మా వీధి చివర ఒక మామ్మగారింట్లో శాంపిల్ పడుతుంటే, "ఈ నీళ్ళతో కందిపప్పు చచ్చినా ఉడకదమ్మాయ్, ఎందుకో చూసి చెప్పు" అన్నారావిడ. ఆ బోరుకి మా లెక్కలో కఠినత్వం (కాల్షియం కార్బొనేట్ లెక్కన) లీటరుకు 730 మిల్లీగ్రాములొచ్చింది. తాగునీటికి మన దేశపు ఐఎస్ 10500:2012 ప్రమాణం ప్రకారం కఠినత్వం 200 లోపు ఉండాలి, వేరే నీటి వసతి లేకపోతే 600 వరకు ఒప్పుకుంటారు. పరిమితి దాటిన బోరుని కనుక్కున్నామన్న ఉత్సాహంలో నేను వెళ్ళి ఆవిడతో చెప్పేశాను. "అయితే ఇవి తాగకూడదా తల్లీ? ఇన్నేళ్ళూ తాగామే" అని ఆవిడ ముఖం వాడిపోయింది. ఆ వారం నుంచే క్యాన్ నీళ్ళు కొనడం మొదలుపెట్టారు.

మూడు వారాలకి పట్టికలన్నీ పట్టుకుని మేడమ్ దగ్గరకి వెళ్ళాం. ఆవిడ అంకెలు చూడలేదు. "బ్లాంక్ ఏది?" అనడిగారు. శాంపిల్ లేకుండా ఒట్టి డిస్టిల్డ్ వాటర్‌తో చేసే టైట్రేషన్ అది. మేం చేయలేదు. డిస్టిల్డ్ వాటర్‌లో ఏముంటుందిలే అనుకున్నాం.

అప్పుడే ఆవిడ ముందే చేశాం. 50 మి.లీ. డిస్టిల్డ్ వాటర్, పీహెచ్‌ని 10 దగ్గర నిలిపే అమ్మోనియా బఫరు ఒక మి.లీ., రంగు మారి ముగింపు చూపించే ఇండికేటరు ఎరియోక్రోమ్ బ్లాక్ టి చిటికెడు. నీళ్ళు నిజంగా స్వచ్ఛమైనవైతే వేసిన క్షణమే నీలం రంగు రావాలి. మా ఫ్లాస్కులో నేరేడుపండు రసం లాంటి ఎరుపు వచ్చింది. బ్యూరెట్ తిప్పితే చుక్క చుక్కకీ ఊదాలోకి మారుతూ, 2.1 మి.లీ. దగ్గర గానీ నీలం కాలేదు. మా ల్యాబ్‌లో డిస్టిల్డ్ వాటర్ తయారుచేసే స్టిల్ పాడైతే బయట షాపులో కొన్న క్యాను నీళ్ళవి. మీద డిస్టిల్డ్ అని రాసుంది, మేం నమ్మాం.

లెక్క చూడండి. కఠినత్వం ఎక్కువున్న నీళ్ళని 10 మి.లీ. తీసుకుని, డిస్టిల్డ్ వాటర్‌తో 50కి పలుచన చేసేవాళ్ళం. అంటే ప్రతి ఫ్లాస్కులో 40 మి.లీ. ఆ క్యాను నీళ్ళే. అవే 1.7 మి.లీ. ఈడీటీఏ తాగేశాయి. 0.01 మోలార్ ఈడీటీఏ ఒక మి.లీ. అంటే ఒక మిల్లీగ్రాము కాల్షియం కార్బొనేట్‌కి సమానం. 10 మి.లీ. శాంపిల్‌కి అది లీటరుకు 100 మిల్లీగ్రాములవుతుంది. అంటే ఒక్క పలుచనలోనే 170 మిల్లీగ్రాముల దొంగ కఠినత్వం. పైగా ఈడీటీఏ ద్రావణం కూడా అదే నీళ్ళతో కలిపాం. లీటరుకు 3.72 గ్రాములు తూచాం కాబట్టి బలం సరిగ్గా ఉంటుందనుకున్నాం. ఆ నీళ్ళలోని కాల్షియం, మెగ్నీషియం అందులో కొంత ముందే పట్టేసుకున్నాయి. తెలిసిన గాఢత ఉన్న ద్రావణంతో ఈడీటీఏని స్టాండర్డైజ్ చేసి, అంటే దాని అసలు బలం సరిచూసి ఉంటే మొదటి రోజే దొరికిపోయేది.

18 శాంపిళ్ళు, ఒక్కోదానికి మూడేసి రీడింగులు, మొత్తం 54. అన్నీ కొట్టేశాం. నా పార్ట్‌నర్ ఆ సాయంత్రం ఏడ్చింది. "1.7 తీసేసి లెక్క సరిచేద్దాం, ఎవరికి తెలుస్తుంది" అని ఒక సీనియర్ సలహా ఇచ్చారు. మాకు తెలుస్తుంది కదా! వేరేచోట నుంచి మంచి డిస్టిల్డ్ వాటర్ తెచ్చుకుని, బ్లాంక్‌లో నీలం చూశాకే మళ్ళీ బోర్ల దగ్గరకి వెళ్ళాం. మామ్మగారి బోరు ఈసారి 540.

మీరు ఇదే టాపిక్ తీసుకుంటే ఇంకో మూడు విషయాలు చెప్తాను. ఇండికేటరు ద్రావణం త్వరగా పాడవుతుంది, రంగు స్పష్టంగా మారదు. పొడిని వంద రెట్లు సోడియం క్లోరైడ్‌తో కలిపి నూరి పెట్టుకుంటే నెలల తరబడి ఉంటుంది. బఫరు సీసా మూత తెరిచి వదిలేస్తే అమ్మోనియా పోయి పీహెచ్ పడిపోతుంది. పీహెచ్ 10 ఎందుకని వైవాలో తప్పకుండా అడుగుతారు: తగ్గితే మెగ్నీషియంని ఈడీటీఏ గట్టిగా పట్టుకోలేదు, బాగా పెరిగితే మెగ్నీషియం హైడ్రాక్సైడ్‌గా అడుగుకి దిగిపోతుంది. మన గుంటూరు ఎండల్లో గాఢ అమ్మోనియా సీసాని చల్లబరచకుండా మాత్రం తెరవకండి. లోపల ఒత్తిడి పెరిగి ఒక్కసారిగా ముఖం మీదకి కొడుతుంది.

టైము గురించి టెన్షన్ వద్దు. మొదటి రెండు వారాలు బ్లాంకు, స్టాండర్డైజేషన్ తప్ప ఇంకేమీ చేయకండి. ఒకే శాంపిల్‌కి మూడు రీడింగులు 0.1 మి.లీ. తేడాలోపు వచ్చేదాకా చేయి అలవాటు పడనివ్వండి. రిపోర్టు రాయడం మూడో నెల నుంచే మొదలుపెట్టండి. తప్పిన రీడింగుల్ని దాచకండి. మేం క్యాను నీళ్ళ కథ మొత్తం ఒక పేజీ రాశాం.

కొత్త అంకె రాగానే నేను మళ్ళీ మామ్మగారింటికి వెళ్ళాను. తప్పు మాదేనని చెప్పి, 540 అంటే 600 లోపే ఉంది గానీ కఠినత్వం బాగా ఎక్కువేనని, ఉప్పు, నైట్రేటు లాంటివి మేం చూడలేదు కాబట్టి తాగడానికి మంచివని పూర్తి భరోసా ఇవ్వలేనని వివరించాను. ఆవిడ తిట్టలేదు. "మరి నా పప్పు సంగతేంటి?" అన్నారు. పప్పు గింజల్లోని పెక్టిన్‌ని కాల్షియం బిగించేస్తుంది, అందుకే మెత్తబడదు. "కాచి చల్లార్చి వాడితే?" అనడిగారు. దానికి నా దగ్గర జవాబు లేదు.

మర్నాడు అవే నీళ్ళు మరిగించి, చల్లార్చి, అడుగున దిగిన తెల్లటి పొడిని వడకట్టి, ఆవిరైనంత మేర మంచి డిస్టిల్డ్ వాటర్‌తో పూరించి టైట్రేట్ చేశాం. 310 వచ్చింది. బైకార్బొనేట్ల వల్ల వచ్చిన 230 పోయింది. మిగతా పదకొండు బోర్లకీ అదే చేశాం. వైవాలో ఎగ్జామినర్ ఎక్కువసేపు ఆగింది ఆ పట్టిక దగ్గరే. "ఈ ఐడియా ఎక్కడిది?" అంటే, మామ్మగారి కందిపప్పు గురించి చెప్పాను.

మీ ల్యాబ్‌లో ఏ పరికరాలు, ఏ కెమికల్స్ ఉన్నాయో జాబితా రాసి పెట్టండి. వాటితో ఏం చేయవచ్చో కలిసి చూద్దాం.