కుంచె కబుర్లు: ఆట కట్టినవాళ్ల ముఖాలు

ప్రశ్న: నేను డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. మియమోతో, ఇవాతాని, నిషికాడో, పజిత్నోవ్ అనే పాత వీడియో గేముల రూపకర్తల ముఖాలను కంప్యూటర్‌లో గీసి, ఏ3 సైజులో ప్రింట్ తీయించాను. చూసినవాళ్లు ‘వీళ్లెవరు?’ అంటున్నారు. పక్కన వాళ్ల ఆటల్లోని పాత్రలను, మారియోనో ప్యాక్‌మ్యాన్‌నో పెడితే సరిపోతుందా మేడమ్? పైగా తెరమీద కళకళలాడిన రంగులు కాగితంమీద నల్లబారాయి.
– ఒక పాఠకుడు, చిత్తూరు

జవాబు: మారియోను పెట్టకండి. పెట్టారంటే చూపంతా అటే పోతుంది, మియమోతో వెనకబడిపోతారు. మీరు ఎంచుకున్నది మనుషులను. వాళ్లు పనిచేసిన తీరు బొమ్మలోకి రావాలి.

పజిత్నోవ్‌నే తీసుకోండి. 1984లో మాస్కోలో, సోవియట్ సైన్స్ అకాడమీ కంప్యూటర్ కేంద్రంలో పైనుంచి పడే ముక్కలను పేర్చే టెట్రిస్ ఆటను ఆయన రాసిన యంత్రం పేరు ఎలక్ట్రోనికా 60. దాని తెరమీద అక్షరాలు తప్ప బొమ్మలు వచ్చేవి కావు. అందుకని ఆయన బ్రాకెట్ గుర్తులనే జతచేసి గళ్లు కట్టారు. తిరుపతిలో మా ఇంట్లో కూర్చుని ఆయన బొమ్మ వేసినప్పుడు నేను గడ్డమంతా ఆ బ్రాకెట్లతోనే అల్లాను. చెంప దగ్గర విడివిడిగా, పలచగా మొదలై, దవడ కిందికి వచ్చేసరికి ఒకదానిమీద ఒకటి ఎక్కేంత చిక్కగా. దూరం నుంచి చూస్తే మామూలు గడ్డమే. దగ్గరికి వచ్చినవాళ్లు వేలు పెట్టి ‘ఈ గుర్తులేమిటి?’ అని అడుగుతారు. ఆ యంత్రం సంగతి అప్పుడు చెబుతాను. టెట్రిస్ ముక్క ఒక్కటి కూడా ఆ బొమ్మలో లేదు.

మియమోతో విషయానికి వస్తే, 1981 నాటి డాంకీ కాంగ్ ఆటలో మారియో బొమ్మకు దొరికినవి కొద్దిపాటి గళ్లే (పిక్సెళ్లే). నోరు గీసే చోటు లేక మీసం పెట్టారు, జుట్టు తిప్పలు తప్పించుకోవడానికి టోపీ పెట్టారు. ఆయన ముఖాన్నీ అంత పొదుపుగానే గీయండి. ఒక్కో గీత తీసేస్తూ పోండి, ఇంకొకటి తీస్తే ఆయన కారు అనిపించిన చోట ఆగండి.

ఇవాతాని 1980లో ప్యాక్‌మ్యాన్ చేసింది, కాల్పుల ఆటలతో నిండిన ఆటగదుల్లోకి ఆడపిల్లలూ రావాలని. ఆ ఆటలోని నాలుగు దయ్యాల రంగులు ఎరుపు, గులాబీ, లేత నీలం, నారింజ. నలుపుతో పాటు ఆ నాలుగే వాడి ఆయన ముఖం గీయండి. నిషికాడోకు మాత్రం చేతులు కూడా గీయాలి. 1978లో స్పేస్ ఇన్వేడర్స్ కోసం ఆటతో పాటు దాన్ని నడిపే సర్క్యూట్లనూ ఆయనే తయారుచేసుకున్నారు.

మీ జాబితాలో నలుగురూ మగవాళ్లే. ఐదో ప్రింటు కేరల్ షాకు కేటాయించండి. 1982లో, నదిమీదుగా విమానం నడిపే రివర్ రైడ్ ఆటను ఆమె రాసింది అటారీ 2600 అనే ఇంట్లో ఆడుకునే వీడియో గేమ్ యంత్రానికి. అందులో పనికి దొరికే మెమరీ 128 బైట్లు మాత్రమే. అందులో ఆ నది ఎంత దూరం పారిందో! రెండు ఒడ్లూ అద్దంలో చూసినట్టు ఒకేలా ఉంటాయి. ముఖానికి అటూ ఇటూ ఆ ఒడ్లను నేపథ్యంగా వేస్తే ఎంతో బాగుంటుంది.

ప్రతి ప్రింటు కింద పేరు తెలుగులో, పెద్ద అక్షరాల్లో రాయండి. ఆ రోజుల్లో అటారీ కంపెనీ తన ఆటలమీద రూపకర్తల పేర్లు వేసేది కాదు. వారెన్ రాబినెట్ అనే ఆయన అడ్వెంచర్ ఆటలో ఒక రహస్యపు గది కట్టి, తన పేరును అందులో దాచుకోవలసివచ్చింది. అంత కష్టపడి పేరు నిలుపుకున్నవాళ్ల బొమ్మ కింద పేరు లేకపోతే నాకు మనసొప్పదు.

పోలిక కుదిరిందో లేదో తేల్చుకోవడానికి ఒకసారి శ్రీకాళహస్తి వెళ్లి కలంకారీ పని చూసి రండి. చింతబొగ్గుతో రూపం గీసి, ఇనుము, బెల్లం ఊరబెట్టిన నల్లరంగుతో గీత స్థిరపరుస్తారు. మిగతా రంగులు ఆ తర్వాతే. మీరూ మొదట నల్లగీతల ప్రింటు ఒక్కటే తీసి, పక్కన అసలు ఫోటో ఉంచి ఎవరికైనా చూపించండి. గీతల్లో కుదరని పోలిక రంగులతో రాదు.

ఇక రంగులు నల్లబారడానికి కారణం, తెర తనే వెలుగునిస్తుంది, కాగితం తనమీద పడిన వెలుగును మాత్రమే తిప్పి పంపుతుంది. మెరుపులేని మందపాటి కాగితంమీద ముందు ముఖంలో కొంత భాగాన్ని మాత్రమే అచ్చు వేయించి, నీడలున్న చోట్ల రంగు తేలిక చేయండి. ఏ3కు అంగుళానికి 300 చుక్కల లెక్కన 3508, 4961 పిక్సెళ్లు కావాలి. గళ్ల బొమ్మలుంటే రెండింతలు, మూడింతలు, ఇలా పూర్ణసంఖ్యల్లోనే పెంచండి. రెండున్నర ఇంతలు పెంచితే గళ్ల అంచులు చెదిరిపోతాయి.

ప్రశ్న: ఫోటో చూసి గీసిన ఇలాంటి బొమ్మలను అమ్ముకోవచ్చా?
– ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: ఒకే ఫోటోను ఉన్నదున్నట్టు దించి అమ్మకండి. మన చట్టం ప్రకారం ఫోటోమీద హక్కు అది వెలువడిన ఏడాది తర్వాత 60 ఏళ్లు ఉంటుంది. అనేక ఫోటోలు, వీడియోలు చూసి ముఖాన్ని అర్థం చేసుకుని, మీదైన భంగిమలో గీయండి. ఆటలోని పాత్రలు, లోగోలు వాడాలంటే సొంతదారుల అనుమతి కావాలి. బతికున్నవాళ్ల ముఖాలను పెద్ద ఎత్తున అమ్మే ఆలోచన ఉంటే ముందు న్యాయవాదిని అడగండి.