బయటికి వచ్చేశాక కూడా అతనే గుర్తొస్తున్నాడు

ప్రశ్న: మాది పరకాల దగ్గర పల్లె. నాకు 27 ఏళ్లు. హనుమకొండలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ల్యాబ్ టెక్నీషియన్‌గా చేస్తున్నాను. పెళ్లి చేసుకుంటానన్న ఒకతనితో మూడేళ్లు ఉన్నాను. ఎవరితో మాట్లాడినా తప్పే, ఏ డ్రెస్ వేసుకున్నా తప్పే. డ్యూటీ దిగి పది నిమిషాలు ఆలస్యమైతే లొకేషన్ పెట్టాలి. బతుకమ్మకు ఊరికి కూడా పోనివ్వలేదు. ఏదైనా నిలదీస్తే ‘గట్ల నేనెప్పుడన్న? నీకు దిమాక్ ఖరాబైంది’ అనేవాడు. విడిపోదామంటే చచ్చిపోతానని బెదిరించేవాడు. నాలుగు నెలల కింద ధైర్యం చేసి బయటికి వచ్చేశాను. కానీ రోజూ గుర్తొస్తాడు, అతని స్టేటస్ చూడకుండా ఉండలేకపోతున్నా. దోస్తులతో కబురు పంపిస్తున్నాడు. అతని బండి లోన్ నా పేరు మీదే ఉంది. మొన్న చౌరస్తాలో రెండు చున్నీల్లో ఏది కొనాలో తేలక అరగంట నిలబడి ఉత్త చేతులతో వచ్చాను. ఇంట్లో సంబంధాలు చూస్తున్నారు, వాళ్లకేమీ తెలియదు. నేను మళ్లీ మామూలు మనిషినవుతానా?

జవాబు: అవుతారు. చాలామందిని దగ్గరగా చూసిన నమ్మకంతోనే ఈ మాట అంటున్నాను.

మీ ఉత్తరంలో అన్నిటికన్నా నన్ను ఎక్కువసేపు ఆపింది ఆ చున్నీల సంగతే. మూడేళ్లు ప్రతి చిన్నదానికీ ‘అతనేమంటాడో’ అని ముందే భయపడి బతికారు. ఇప్పుడు అనేవాడు పక్కన లేకపోయినా ఆ భయం పోలేదు. కానీ ఒకసారి మీ ల్యాబ్‌లో మిమ్మల్ని మీరు చూసుకోండి. ఒక రిపోర్టులో ప్లేట్‌లెట్లు మరీ తక్కువ వస్తే ఏం చేస్తారు? ట్యూబులో రక్తం గడ్డకట్టిందేమో చూస్తారు, అనుమానముంటే మళ్లీ శాంపిల్ తీస్తారు. ఎవరి అనుమతీ అడగరు, చెయ్యి వణకదు. ఒక మనిషి ప్రాణానికి సంబంధించిన విషయాన్ని తేల్చగలిగే మీరు చున్నీ దగ్గర ఆగిపోతున్నారంటే మీ బుద్ధికి ఏ లోటూ రాలేదు. అతను ఎక్కడెక్కడ వేలు పెట్టాడో అక్కడే మీకు తడబాటు వస్తోంది. బట్టలు, స్నేహాలు, డబ్బు, ఊరికి పోవడం... బాగుపడాల్సింది అక్కడే.

ఇక ఇంకా ఎందుకు గుర్తొస్తున్నాడంటారా? పది రోజులు మాటలతో పొడిచి, పదకొండో రోజు బిర్యానీ పట్టుకొచ్చి కాళ్ల మీద పడి ఏడ్చే మనిషిని మరిచిపోవడం, ఎప్పుడూ చెడ్డగానే ఉండే మనిషిని మరిచిపోయినంత సులువు కాదు. ఆ ఒక్క మంచిరోజు కోసం మనసు కాచుకుని కూర్చోవడం నేర్చుకుంటుంది. డటన్, పెయింటర్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 1981లోనే ఈ బంధం గురించి రాశారు. ఒకరిది పైచేయిగా ఉండి, హింసా ప్రేమా మార్చి మార్చి దొరికే చోట అనుబంధం సడలకపోగా ఇంకా బిగుసుకుంటుందని వాళ్లు చెప్పారు. కాబట్టి గుర్తొస్తున్నాడంటే అతను మంచివాడనీ కాదు, మీరు తొందరపడ్డారనీ కాదు. స్టేటస్ చూసిన ప్రతిసారీ ఆ కాచుకోవడం మళ్లీ మొదలవుతుంది. నంబర్ బ్లాక్ చేయండి. కబుర్లు మోసే దోస్తులకు ‘అతని ముచ్చట నా దగ్గర తేవద్దు’ అని ఒక్కసారి గట్టిగా చెప్పండి.

‘గట్ల నేనెప్పుడన్న’ అన్న మాట చేసే నష్టం చాలా లోతుకు పోతుంది. కొన్నాళ్లకు మన జ్ఞాపకం మీద మనకే నమ్మకం పోతుంది. ఒక నోట్‌బుక్ తీసుకుని జరిగినవన్నీ మీకు గుర్తున్నట్టే రాయండి. ఏ రోజు, ఎక్కడ, ఏమన్నాడు, మీకేమనిపించింది. ఎవరికీ చూపించనక్కర్లేదు. ‘పాపం, మంచోడే కదా’ అనిపించే రాత్రి తీసి చదువుకోండి.

రోజుకో చిన్న నిర్ణయం ఎవరినీ అడక్కుండా తీసుకోండి. ఏ టిఫిన్ తినాలి, ఏ రంగు కొనాలి, జీతంలో ఎంత పక్కన పెట్టాలి. ఫొటో తీసి దోస్తుకు పంపి ‘బాగుందా’ అని అడగొద్దు. కొన్నాక నచ్చకపోతే పోనీయండి, ఆ మాత్రం తప్పుకు మిమ్మల్ని తిట్టేవాళ్లు ఇప్పుడెవరూ లేరు. నేను చెప్పాననీ ఏదీ చేయకండి, మీకు సరి అనిపిస్తేనే చేయండి. అతను పోనివ్వని చోట్లకు వెళ్లడం మొదలుపెట్టండి. సెలవు దొరికితే ఊరి బస్సెక్కండి, ఆర్టీసీలో ఆడవాళ్లకు 2023 డిసెంబర్ నుంచి టికెట్ డబ్బులు కూడా లేవు కదా.

కొన్ని పనులు మాత్రం ఈ వారమే కావాలి. వాట్సాప్‌లో లింక్డ్ డివైజెస్ తెరిచి మీది కాని ఫోన్, కంప్యూటర్ ఏదైనా ఉంటే తీసేయండి. జీమెయిల్ పాస్‌వర్డ్, యూపీఐ పిన్ మార్చండి, లొకేషన్ షేరింగ్ ఆపండి. బండి లోన్ సంగతి వదిలేయొద్దు. వాయిదాలు తప్పితే సిబిల్ స్కోరు పడిపోయేది మీదే. ఆర్‌సీ ఎవరి పేరున ఉందో చూసుకుని, కాగితాలతో కోర్టు ఆవరణలోని జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్లండి. ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయర్ సాయం ఇస్తారు, 15100కు ఫోన్ చేసినా చెబుతారు.

‘నాతో మాట్లాడొద్దు’ అని మీరు స్పష్టంగా చెప్పాక కూడా పదేపదే వెంటపడితే అది నేరం. 2024 జూలై నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 78వ సెక్షన్ దాని గురించే. స్క్రీన్‌షాట్లు దాచుకుని పోలీసుల షీ టీమ్స్‌కు చెప్పండి. చచ్చిపోతానని మళ్లీ బెదిరిస్తే మీరు పరుగెత్తుకుని పోవద్దు. 112కు ఫోన్ చేయండి, వాళ్లింట్లో వాళ్లకు తెలియజేయండి. నిజంగా అతనికి సాయం అవసరమైతే వాళ్ల వల్లే అందుతుంది.

మీకే నిద్ర పట్టకపోయినా, బతకాలనిపించకపోయినా రేపటిదాకా ఆగకండి. టెలీ మానస్ 14416కు ఏ వేళలో ఫోన్ చేసినా తెలుగులో మాట్లాడతారు. వరంగల్ ఎంజీఎం ప్రభుత్వ ఆసుపత్రి మానసిక వైద్య విభాగంలోనూ చూపించుకోవచ్చు.

సంబంధాల విషయంలో నా ఉద్దేశం సూటిగా చెబుతాను. ఇప్పుడే పెళ్లికి ఒప్పుకోకండి. ‘నన్ను ఎవరైనా నడిపిస్తే బాగుండు’ అనిపించే ఈ రోజుల్లో, నడిపించేవాళ్లంతా మంచివాళ్లలాగే కనబడతారు. ‘ఒక ఏడాది నన్ను అడగొద్దు’ అని ఇంట్లో చెప్పండి. కారణం మొత్తం చెప్పాల్సిన పని లేదు, కానీ అమ్మకు మాత్రం చెబితే మంచిదని నాకనిపిస్తోంది. ఫోన్లో వద్దు. ఊరికి వెళ్లినప్పుడు ఇద్దరే ఉన్న వేళ చూసి, ‘ఒకతన్ని నమ్మిన, చాన బాధపెట్టిండు, బయటికొచ్చిన’ అన్నంత వరకు చెప్పండి చాలు. కోప్పడొచ్చు, ఏడవొచ్చు. ఆ రోజే అన్నీ తేలిపోవాలని పట్టుబట్టకండి. నాన్నకు ఎప్పుడు, ఎంతవరకు చెప్పాలో తర్వాత మీరిద్దరూ కలిసి ఆలోచించుకోవచ్చు.