ఆయనకు కావాల్సింది మార్ఫిన్, గ్లూకోజు కాదు

ప్రశ్న: మా నాన్నకు 76 ఏళ్లు. ప్రోస్టేట్ క్యాన్సర్ ఎముకలకు పాకింది, ఇంటి దగ్గరే చూసుకోమన్నారు. మాది దేవరకొండ దగ్గర పల్లె. హైదరాబాద్‌లో మా చిన్నాన్నకు ఇదే జబ్బు వస్తే నర్సులు ఇంటికొచ్చి చూశారు. ఇక్కడ ఎవరూ రారు. రాత్రంతా నొప్పితో మూలుగుతున్నాడు, తిండి తగ్గింది. ఊళ్లో ఆర్‌ఎంపీ రోజూ గ్లూకోజు ఎక్కిస్తున్నాడు. ఏం చేయాలి? – ఒక పాఠకుడు

జవాబు: తేడా ఉన్న మాట నిజమే. హైదరాబాద్‌లో ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి, స్పర్శ్ హాస్పిస్ (చివరి దశ రోగులను చూసుకునే కేంద్రం) వంటి చోట్ల ఇళ్లకు వెళ్లే బృందాలున్నాయి. కొన్ని జిల్లా కేంద్రాల్లో ప్రభుత్వ ఆసుపత్రిలోనే పాలియేటివ్ కేర్ (జబ్బు నయం కాకున్నా నొప్పి, బాధ తగ్గించే వైద్యం) విభాగం ఉంటుంది. దేవరకొండ, అచ్చంపేట, కొల్లాపూర్ పల్లెల దాకా ఆ బృందాల బండి రావడమే కష్టం. అయితే మీకు ముందు కావాల్సింది బండి కాదు, తీవ్రమైన నొప్పిని తగ్గించే మందు మార్ఫిన్.

అది మామూలు మందుల షాపులో దొరకదు. 2014లో మాదకద్రవ్యాల చట్టాన్ని సవరించాక, గుర్తింపు పొందిన ఆసుపత్రులు దాన్ని నిల్వ ఉంచి ఇవ్వొచ్చు. నల్గొండ ప్రభుత్వ ఆసుపత్రిలో అడగండి. లేకపోతే ఎంఎన్‌జేకు వెళ్లాలి. డిశ్చార్జి కాగితాలు, స్కాన్లు, ఈమధ్య చేసిన క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష) రిపోర్టు, ఆయన ఆధార్ పట్టుకెళ్లండి. రోగిని తీసుకురాకుండా ఇంట్లోవాళ్లు వస్తే మందు ఇస్తారా అని ముందే ఫోన్‌లో కనుక్కోండి. ఎంఎన్‌జేలో రేడియేషన్ గురించీ అడగండి. ఎముక నొప్పికి చాలాసార్లు ఒక్క సిట్టింగే సరిపోతుంది.

ఈ వయసులో సాధారణంగా 10 మిల్లీగ్రాముల మాత్రలో సగంతో, నాలుగు గంటలకొకసారి మొదలుపెడతారు. కిడ్నీలు బలహీనంగా ఉంటే డోసు తగ్గించి, ఎడం పెంచుతారు. అది డాక్టర్ తేల్చాల్సిందే. ఎక్కువమంది చేసే పొరపాటు, నొప్పి వచ్చాకే మాత్ర వేయడం. గడియారం చూసి వేయాలి. వేసిన టైము నోటుబుక్కులో రాయండి. మార్ఫిన్‌తో మలబద్ధకం దాదాపు ఖాయం. అందుకే తొలిరోజు నుంచే రాత్రిపూట విరేచనం మాత్ర కూడా రాయించుకోండి. వాంతులు మొదటి కొద్దిరోజులే ఉంటాయి. లేపినా లేవనంత మత్తు, నిమిషానికి ఎనిమిది కన్నా తక్కువ శ్వాసలు ఉంటే తర్వాతి మాత్ర ఆపి వెంటనే డాక్టర్‌కు ఫోన్ చేయండి. డైక్లోఫెనాక్ సూదులు మాత్రం మానేయండి. ఈ వయసులో కిడ్నీ దెబ్బతినొచ్చు, కడుపులో రక్తస్రావం కావొచ్చు.

ఇక గ్లూకోజు. చివరి రోజుల్లో ఒంటికి నీళ్లు, తిండి అక్కర తగ్గిపోతుంది. ఎక్కించిన నీరు కాళ్లలో, ఊపిరితిత్తుల్లో చేరి గురకగా, ఆయాసంగా బయటపడుతుంది. ‘ఏమీ పెట్టకుండా వదిలేశారు’ అని చుట్టాలు అంటారు, అననివ్వండి. తడిగుడ్డతో పెదాలు, నోరు తుడవండి. అడిగితే చెంచాతో గంజో మజ్జిగో పట్టించండి. పడుకోబెట్టి బలవంతంగా పోస్తే శ్వాసనాళంలోకి పోతుంది.

పగలు రాత్రి రెండు గంటలకొకసారి పక్కకు తిప్పండి. నడుం కింది ఎముక, మడమలు ఎర్రబడితే పుండుకు మొదలు. ఎయిర్ బెడ్ కొంటే కరెంటు పోయినప్పుడు గాలి దిగిపోతుంది, అప్పుడు తిప్పడం తప్పదు. పుండుపడితే కాచి చల్లార్చిన ఉప్పునీటితో కడగండి. వాసన వస్తే మెట్రోనిడజోల్ మాత్ర పొడి చేసి చల్లమని డాక్టర్లు చెబుతుంటారు, మీ డాక్టర్‌ను అడగండి.

ఒక్క విషయంలో మాత్రం ఇంట్లో ఆగొద్దు. కాళ్లు ఉన్నట్టుండి బలహీనపడినా, మూత్రం ఆగిపోయినా వెన్నుపాము నొక్కుకుపోయి ఉండొచ్చు. ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

ఇంకోటి. ఇంట్లోనే పోతే మరణాన్ని 21 రోజుల్లోపు పంచాయతీ కార్యదర్శి దగ్గర నమోదు చేయించాలి. చికిత్స కాగితాలన్నీ ఒకేచోట పెట్టుకోండి, అప్పుడు వెతుక్కునే ఓపిక ఎవరికీ ఉండదు.