అమ్మడూ, మీటింగుకు వెళ్లే ముందు ఇది చదువు

అమ్మడూ,

నీ ఉత్తరం అందింది. హిందీవాళ్లకీ ఒడియావాళ్లకీ ఇళ్లు అద్దెకివ్వకూడదని మీ మధురవాడ అపార్ట్‌మెంటులో తీర్మానం పెడుతున్నారని రాశావు. కార్పొరేటర్‌గా నిలబడదామని చూస్తున్న పెద్దమనిషే తెచ్చాడన్నావు. నోరు విప్పాలా, ఊరుకోవాలా అని అడిగావు. విప్పాలి. రేవులో యూనియన్ పని చేసినవాణ్ణి, ఇలాంటి మీటింగులు చాలా చూశాను, అందుకని ఎలాగో చెబుతాను.

మీవాళ్లు ఇల్లివ్వొద్దంటున్న ఆ సెంట్రింగు పనివాడి ఓటు ఒడిశా గంజాంలోనో బిహార్‌లోనో ఉంటుంది. వాణ్ణి ఎంత తిట్టినా ఇక్కడ ఎవరికీ ఒక్క ఓటు పోదు. అందుకే వాడు దొరికాడు. మీ మీటింగులోకి వాణ్ణి రానివ్వరు కూడా. ఓటూ కుర్చీ ఉన్న మనం మాట్లాడకపోతే ఇంకెవరు మాట్లాడతారు?

మానవత్వం మీద ఉపన్యాసంతో మొదలుపెట్టావో, అందరూ ఫోన్లు చూసుకుంటారు. ప్రశ్నలు వెయ్యి. దొంగతనం జరిగిందంటున్నారా? ఏ స్టేషన్లో ఫిర్యాదిచ్చారు? ఎవరు దొరికారు? అద్దెకొచ్చేవాళ్ల ఆధార్ చూస్తారా, చూడండి, తెలుగువాడిదీ చూడండి. దేశంలో ఎక్కడైనా కాపురముండే హక్కు రాజ్యాంగం 19వ అధికరణంలో ఉందని ఒక్కసారి అని వదిలెయ్. పదిసార్లంటే ప్లీడరమ్మ వచ్చిందంటారు.

ఒక్కటి మాత్రం కొట్టిపారెయ్యకు. మీ వాచ్‌మన్ తమ్ముడు తాపీ పని చేస్తాడు కదా, "వాళ్లొచ్చాక మా కూలి పడిపోయింది" అంటాడని రాశావు. నిజమే కావచ్చు. తక్కువిస్తున్నది ఎవరని అతన్నే అడుగు. బయటి రాష్ట్రం కూలీకి స్థానికుడితో సమానంగా ఇవ్వాలని 1979 వలస కార్మికుల చట్టమే చెప్పింది. అది సరిగ్గా అమలై ఉంటే కాంట్రాక్టరుకి అంత దూరం నుంచి మనుషుల్ని దింపుకోవడంలో మిగిలేదేముంది?

బర్మాలో రంగూన్ రేవులో జరిగిందీ ఇదే. అక్కడి ఓడల్లో సరుకు మోసింది ఎక్కువగా మన తెలుగువాళ్లే. 1930 మే నెలలో కూలి పెంచమని సమ్మె చేశారు. కంపెనీలు బర్మావాళ్లని పనిలోకి దించాయి. సమ్మె తేలగానే, పాతవాళ్లు వచ్చేశారు, మీరు పొండి అని ఆ బర్మావాళ్లని గెంటేశాయి. పోయేవాళ్లని మనవాళ్లు ఎగతాళి చేశారని చెబుతారు. దాంతో కత్తులు లేచాయి. రోజుల తరబడి వీధుల్లో మనవాళ్లని వెతికి చంపారు. రెండు వైపులా ఆకలిగొన్నవాళ్లే. వాళ్లనీ వీళ్లనీ మార్చి మార్చి వాడుకున్న కంపెనీల మీదకి ఒక్క కర్రా లేవలేదు. తర్వాత 1938లో మళ్లీ అల్లర్లు, 1942లో జపాన్ వాళ్లొస్తే కొండలూ అడవులూ దాటి నడక, 1960లలో మిగిలినవాళ్లనీ పంపేశారు. మా కంచరపాలెం దగ్గర బర్మా క్యాంపు అలా తిరిగొచ్చినవాళ్లదే, ఏదో బస్టాపు పేరనుకుంటారు మీ తరంవాళ్లు.

అంత దూరం ఎందుకు? 2014 జూన్‌లో చెన్నై మౌలివాక్కంలో కడుతున్న అపార్ట్‌మెంటు కూలి 61 మంది పోయారు. అందులో చాలామంది మన శ్రీకాకుళం, విజయనగరం కూలీలు. అక్కడ వాళ్లే హిందీవాళ్లు, వాళ్లే ఒడియావాళ్లు.

ఇక ఆ పెద్దమనిషి సంగతి. కొడుకు డాలస్‌లో ఉన్నాడన్నావు. 2025 సెప్టెంబరులో కొత్త హెచ్‌-1బీకి లక్ష డాలర్లు కట్టాలని ట్రంప్ అన్నప్పుడు ఆయన ఎంత గోల చేశాడో నీకు గుర్తుండే ఉంటుంది. మీటింగులో అది ఎత్తి పొడవకు. నవ్వొస్తుంది, చప్పట్లూ పడతాయి, కానీ పదిమందిలో పరువు పోయినవాడు ఇక దిగిరాడు. ముందురోజు వాళ్లింటికెళ్లి, కాఫీ తాగుతూ, అబ్బాయి వీసా సంగతి ఏమైంది బాబాయిగారూ అని మామూలుగా అడుగు. మిగతాది ఆయన్నే ఆలోచించుకోనీ. అయినా మారకపోతే మీటింగులో మొహమాటపడకు.

ఒంటరిగా లేవకు. ఒకరిద్దరితో ముందే మాట్లాడి ఉంచు. నువ్వు కూర్చోగానే వాళ్లు లేవాలి. గ్రూపులో రాత్రిపూట మెసేజీల యుద్ధం మాత్రం వద్దు, అక్కడ గెలిచినవాణ్ణి నేను చూడలేదు.

ఓడిపోయే అవకాశమే ఎక్కువ. అప్పుడు మినిట్స్ పుస్తకంలో నీ అభ్యంతరం పూర్తిగా రాయించి, కింద సంతకం పెట్టు. రాయమంటే సెక్రటరీ నసుగుతాడు. రాసేదాకా లేవకు. మీ పై అంతస్తు పోర్షను ఖాళీగా ఉందన్నావు కదా, దాన్ని ఎవరికివ్వాలో ఆ తీర్మానాన్ని కాదు, మీ అత్తగారిని అడుగు.

ఆశీస్సులతో,
పెదనాన్న
కంచరపాలెం, విశాఖపట్నం