పవిత్ర రోమన్ చక్రవర్తి ఫ్రెడరిక్ బార్బరోసాతో పడని పోప్ మూడో లూసియస్, మతద్రోహుల (చర్చి బోధను కాదన్న క్రైస్తవుల) విషయంలో ఆయనతో ఎలా కలిశాడు?

డిగ్రీ కాలేజీలో యూరప్ చరిత్ర చెప్పేటప్పుడు పిల్లలు నన్నూ ఇదే అడిగేవారు. "ఇద్దరికీ అవసరం, కలిశారు" అని రెండు ముక్కల్లో తేల్చేసేదాన్ని. తర్వాత మా అబ్బాయి దగ్గరికి ఇటలీ వెళ్లినప్పుడు వెరోనా కెథడ్రల్‌లో లూసియస్ సమాధి చూశాను. రోమ్‌లో ఉండాల్సిన పోప్ ఇక్కడెందుకు పడుకున్నాడా అని చాలాసేపు అక్కడే నిలబడిపోయాను.

ఆయన మీద పాత లాటిన్ పద్యం ఒకటుంది: లుక్కా నీకు వెలుగునిచ్చింది (పుట్టింది అక్కడే), ఓస్టియా బిషప్ పదవినిచ్చింది, రోమ్ పోప్ పదవినిచ్చింది, వెరోనా చావునిచ్చింది అని. దానికి జవాబుగా చెప్పిన పాదాల్లో మాత్రం, రోమ్ ఇచ్చింది ప్రవాసమే అని ఉంటుంది. అది నిజం. 1181లో పోప్ అయినా, రోమ్ దగ్గరి టస్క్యులమ్ ఊరి విషయంలో రోమ్ జనంతో తగాదా వచ్చి నగరంలో నిలవలేకపోయాడు. అండగా నిలిచే బలం ఉన్నది చక్రవర్తి ఫ్రెడరిక్ బార్బరోసాకే.

1184లో ఇద్దరూ వెరోనాలో కలిశారు. ఇటలీలోని టస్కనీని ఏలిన మటిల్డా 1115లో చనిపోతూ వదిలిన భూములు పోప్‌వా, చక్రవర్తివా అన్న పాత గొడవ అక్కడా తెగలేదు. తను బతికుండగానే కొడుకు హెన్రీకి చక్రవర్తి కిరీటం పెట్టమని బార్బరోసా అడిగితే లూసియస్ ఒప్పుకోలేదు. ఆశ్రయం కోరుతూనే అంత గట్టిగా కాదనడం చిన్న విషయం కాదు.

కలిసింది ఒక్కచోటే. ఆ నవంబర్ 4న చక్రవర్తి మద్దతుతో 'అద్ అబోలెండమ్' ('రూపుమాపడానికి') అనే పోప్ శాసనం వచ్చింది. మతద్రోహులున్నారని మాట వినబడ్డ చోటికి బిషప్ ఏడాదికి ఒకటి రెండుసార్లు వెళ్లాలి, ఊళ్లో నమ్మకమైన ఇద్దరు ముగ్గురి చేత ప్రమాణం చేయించి పేర్లు రాబట్టాలి. మారనివాళ్లను ప్రభువుల చేతికి అప్పగించాలి. సాయపడని ప్రభువులకు పదవే పోతుంది. కాల్చమని ఇందులో లేదు, కానీ పక్కింటివాడి పేరు చెప్పించే పద్ధతి ఇక్కడే గట్టిపడింది. భూమి, కిరీటం పంచుకోలేనివాళ్లు ఈ పని మాత్రం పంచుకోగలిగారు, ఎందుకంటే ఇందులో ఇద్దరిలో ఎవరూ ఏమీ వదులుకోనక్కర్లేదు.

నాకు బాధ కలిగించేది ఆ శాసనంలోని పేర్ల జాబితా. మంచికీ చెడుకీ వేర్వేరు దైవశక్తులున్నాయని నమ్మిన కాథర్లతో పాటు, ఫ్రాన్స్‌లోని లియాన్‌లో ఆస్తి వదులుకుని బోధించే 'లియాన్ పేదలు', ఉత్తర ఇటలీలోని హుమిలియాటీలు అనే భక్తబృందం కూడా ఉన్నారు. లియాన్ పేదలు 1179లో రోమ్ దాకా వెళ్లి, బోధించుకోనివ్వమని పోప్‌నే అడిగినవాళ్లు. హుమిలియాటీలైతే మామూలు బట్టలు కట్టుకుని, కష్టపడి పనిచేసుకుంటూ బతికినవాళ్లు. వాళ్లనే 1201లో పోప్ మూడో ఇన్నోసెంట్ మళ్లీ చర్చిలోకి తీసుకున్నాడు. అంటే పదిహేడేళ్లు వాళ్లు ద్రోహులుగానే బతికారు.