‘క్లోజ్డ్’ అని కనిపించగానే ఇంకో అప్పా?

ప్రశ్న: మాది హనుమకొండ. ప్రైవేటు ఉద్యోగం, నెలకు 58,000 చేతికొస్తుంది. అమ్మానాన్నల పేరిట 5 లక్షల హెల్త్ పాలసీ ఉంది, ఇప్పుడు ఆరో ఏడు నడుస్తోంది. నాలుగు నెలల క్రితం హైదరాబాద్‌లో నాన్నగారికి గుండెకు స్టెంటు వేశారు. క్యాష్‌లెస్ మొదట 75,000కు ఒప్పుకున్నారు. డిశ్చార్జి రోజు పాత వైద్యం కాగితాలు కావాలని ఆపేశారు. 3,40,000 బిల్లు మేమే కట్టాం. అందులో 3 లక్షలు తెలిసినవాళ్ల దగ్గర మూడు రూపాయల వడ్డీకి తెచ్చాను. తర్వాత కాగితాలన్నీ కొరియర్‌లో పంపాను. ఆస్పత్రిలో ఉన్నప్పుడు ఎస్‌ఎంఎస్‌లో వచ్చిన క్లెయిమ్ నంబరు టీపీఏ (బీమా కంపెనీ తరఫున క్లెయిములు చూసే సంస్థ) వెబ్‌సైట్‌లో కొడితే ‘క్లోజ్డ్’ అని వస్తోంది. కస్టమర్ కేర్ వాళ్లు ఒక్కోసారి ఒక్కో నంబరు అడుగుతారు. పోయిన వారం మా ఏజెంటు ఒక మెయిల్ ఫార్వర్డ్ చేశారు. అందులో నేనెప్పుడూ చూడని నంబరు, ‘డెఫిషియన్సీ’ అన్న మాట, స్టెంటు స్టిక్కరు, ఇన్వాయిస్ పంపమని ఉన్నాయి. నాకు ఆశ పోయింది. ఒక యాప్‌లో 4 లక్షల పర్సనల్ లోన్ వెంటనే ఇస్తామంటున్నారు. అది తీసుకుని పాత అప్పు తీర్చేయనా? మ్యూచువల్ ఫండ్లలో 2,60,000 ఉంది, నెలకు 8,000 సిప్ కడుతున్నాను. వాటిని కదపడం ఇష్టం లేదు.

జవాబు: ముందు ఆ యాప్ మూసేయండి. మీ క్లెయిమ్ బతికే ఉంది. ‘డెఫిషియన్సీ’ అంటే ఇంకా కొన్ని కాగితాలు తక్కువున్నాయని. ఏజెంటు పంపిన ఆ మెయిలే అందుకు సాక్ష్యం.

మీరు ఇన్నాళ్లూ చూస్తున్నది క్యాష్‌లెస్ నంబరు. ఆస్పత్రి ఇన్సూరెన్స్ డెస్కు ప్రీ-ఆథరైజేషన్ (ముందస్తు అనుమతి కోరే అభ్యర్థన) పంపినప్పుడు పుట్టిన నంబరు అది. క్యాష్‌లెస్ కాదన్నాక, బిల్లు మీరు కట్టేశాక దాని పని అయిపోయింది కాబట్టి మూసేశారు. మీరు కొరియర్‌లో పంపిన కాగితాలు అక్కడ లోపలికి తీసుకున్న రోజు రీయింబర్స్‌మెంట్ (మీరు కట్టిన బిల్లు తిరిగి ఇవ్వడం) కింద ఇంకో నంబరు వేశారు. మెయిల్‌లో ఉన్నది అదే. కొన్ని కంపెనీలు పాత నంబరుకే తోక తగిలిస్తాయి, కొన్ని పూర్తిగా కొత్తది ఇస్తాయి. మీ కంపెనీ రెండో రకం. ఈ తేడా ఎవరూ చెప్పరు. చెప్పకపోవడం వాళ్ల తప్పే. కానీ ఒక తెర మీద కనిపించిన ఒక్క మాట చూసి 4 లక్షల అప్పుకు సిద్ధపడటం మీ తప్పు. ఇది మీ ఒక్కరి కథే అయితే ఇంత వివరంగా రాసేవాణ్ని కాదు.

‘క్లోజ్డ్’ అంటే తిరస్కరించారని కాదు. కాగితాలు రాలేదని మూసిన ఫైలు, అవి అందితే మళ్లీ తెరుస్తారు. నిజంగా తిరస్కరిస్తే పాలసీలోని ఏ నిబంధన ప్రకారమో రాతపూర్వకంగా చెప్పాలి. మీకు అలాంటి లేఖ రాలేదు.

ఇక కస్టమర్ కేర్‌లో ఏ నంబరు చెప్పాలి? డిశ్చార్జి సమ్మరీ మీద ఉండే యూఎంఆర్ (పేషెంటు రిజిస్ట్రేషన్), ఐపీ (ఇన్‌పేషెంట్) నంబర్లు ఆస్పత్రి సొంతం, ఫోన్‌లో వాటితో మీకు పని లేదు. స్టెంటు ఇన్వాయిస్ కాపీ కోసం ఆస్పత్రి బిల్లింగ్ కౌంటరుకు వెళ్లినప్పుడు మాత్రం ఐపీ నంబరు లేకపోతే పని జరగదు. టీపీఏ కార్డు మీది మెంబరు ఐడీ మీ నాన్నగారిని గుర్తిస్తుంది, జబ్బును కాదు. ఆ ఐడీతో వెతికితే పాతవీ కొత్తవీ అన్ని క్లెయిములూ కనిపించాలి. మీరు మొదటి రోజే అలా వెతికి ఉంటే రెండో నంబరు బయటపడేది. పాలసీ నంబరు దగ్గర ఒక మెలిక ఉంది. కొన్ని కంపెనీల్లో రెన్యువల్ చేసినప్పుడల్లా అది మారుతుంది. ఈ నాలుగు నెలల్లో మీ రెన్యువల్ జరిగి ఉంటే కొత్త నంబరు చెప్పకండి, నాన్నగారు ఆస్పత్రిలో చేరిన రోజున అమల్లో ఉన్న పాలసీ నంబరే చెప్పాలి. ఫోన్ చేసిన ప్రతిసారీ ఇచ్చే సర్వీస్ రిక్వెస్ట్ నంబరు ఆ కాల్‌కు రసీదు మాత్రమే. దాన్ని ఫిర్యాదు నంబరు అనుకుని నెలల తరబడి ఎదురుచూసేవాళ్లు చాలామంది.

స్టెంటు స్టిక్కరు సాధారణంగా ఆస్పత్రి కేసు షీటులో అతికించి ఉంటుంది. మెడికల్ రికార్డ్స్ విభాగంలో అడిగితే ముద్ర వేసిన కాపీ ఇస్తారు. అది, ఇన్వాయిస్ కలిపి కొత్త క్లెయిమ్ నంబరు పైన పెద్దగా రాసి మెయిల్‌లోనూ కొరియర్‌లోనూ పంపండి. కొరియర్ రసీదు దాచుకోండి. వాళ్లిచ్చిన గడువు దాటిపోతే కారణం రాయండి, ఏజెంటు మెయిల్ ఎప్పుడు ఫార్వర్డ్ చేశాడో చూపించండి. సరైన కారణం ఉన్నప్పుడు ఆలస్యం ఒక్కటే సాకుగా క్లెయిమ్ తోసిపుచ్చొద్దని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2011లోనే కంపెనీలకు చెప్పింది.

పాత వైద్యం కాగితాల గొడవ మళ్లీ వస్తే, పాలసీ ఆపకుండా 60 నెలలు నడిచిందని గుర్తు చేయండి. ఆ 60 నెలల మారటోరియం (పాత జబ్బుల సంగతి కంపెనీ ప్రశ్నించగల గడువు) దాటాక, మోసం రుజువైతే తప్ప, బీపీ సంగతి దాచారు, షుగరు సంగతి చెప్పలేదు అంటూ క్లెయిమ్ కొట్టేయడానికి లేదు.

అప్పటికీ కదలకపోతే కంపెనీ గ్రీవెన్స్ అధికారికి రాసి ఫిర్యాదు నంబరు తీసుకోండి. తర్వాత ఐఆర్‌డీఏఐ వారి బీమా భరోసా పోర్టల్, లేదా 155255కు ఫోన్. కంపెనీకి రాసి నెల గడిచినా జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్ ఉన్నారు. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు, 50 లక్షల వరకు వివాదాలు చూస్తారు. మీ వ్యవహారం అంతదూరం వెళ్తుందని నేననుకోను.

ఈ లోపు ‘మీ క్లెయిమ్ పాసైంది, ప్రాసెసింగ్ ఫీజు కట్టండి’ అని ఎవరైనా ఫోన్ చేస్తే పెట్టేయండి. క్లెయిమ్ డబ్బు ఇవ్వడానికి ఏ కంపెనీ ఫీజు అడగదు. కంపెనీని నిలదీద్దామని క్లెయిమ్ నంబరు, పాలసీ నంబరు ఫొటో తీసి సోషల్ మీడియాలో పెట్టేవాళ్లకే ఇలాంటి ఫోన్లు ఎక్కువ. ‘సెటిల్డ్’ అని కనిపించి డబ్బు పడకపోతే యూటీఆర్ నంబరు (బ్యాంకు బదిలీ గుర్తింపు నంబరు) అడిగి బ్యాంకులో చూపించండి. డబ్బు పేషెంటు ఖాతాకు కాదు, పాలసీ ప్రపోజరు (పాలసీ తీసుకున్నవారు) ఖాతాకు వస్తుంది. అది మీరే అయితే క్యాన్సిల్డ్ చెక్కు కూడా మీదే ఇచ్చారా అన్నది ఇప్పుడే చూసుకోండి.

ఇప్పుడు అసలు రోగం సంగతి. మూడు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 36 శాతం. 3 లక్షల మీద నెలకు 9,000. నాలుగు నెలలకు 36,000 పోయాయి. ఆఖరి కాగితం అందాక కూడా కంపెనీ గడువు దాటి ఆలస్యం చేస్తే మీకిచ్చే వడ్డీ రిజర్వు బ్యాంకు ప్రకటించే ‘బ్యాంకు రేటు’కు 2 శాతం ఎక్కువ, అంతే. అవతల నెలకు 9,000 వడ్డీ కడుతూ ఇవతల 8,000 సిప్ కడుతున్నారే, ఏ ఫండు మీకు 36 శాతం ఇస్తుందని? దీర్ఘకాలం పెట్టుబడి కదపకూడదన్న మాట మంచిదే, కానీ అది అప్పులేని ఇంటికి చెప్పిన మాట. ఆ 2,60,000 రేపే వెనక్కి తీసుకోండి, నాలుగైదు రోజుల్లో ఖాతాలో పడుతుంది. పన్ను భయం వద్దు, ఈక్విటీ ఫండ్లలో ఏడాది దాటిన యూనిట్ల మీద లాభం ఆర్థిక సంవత్సరానికి 1,25,000 వరకు పన్ను ఉండదు. వచ్చిన మొత్తం అప్పిచ్చినాయన చేతిలో పెట్టి, ప్రామిసరీ నోటు వెనక చెల్లు రాయించుకోండి. మిగిలిన 40,000 సిప్ ఆపి మూడు నాలుగు నెలల్లో తీర్చేయవచ్చు. బ్యాంకులో బంగారం మీద తీసుకున్నా 36 శాతం కంటే చాలా నయం, కానీ మీకా అవసరం లేదు. పీఎఫ్ అడ్వాన్సు కూడా వద్దు. యాప్ లోన్ మాట ఇంట్లో మళ్లీ ఎత్తకండి.

మీ ఉత్తరంలో ఎమర్జెన్సీ ఫండ్ అన్న మాటే లేదు. 5 లక్షల పాలసీ ఉంది కదా అనుకున్నారు. పాలసీ అనేది తర్వాతెప్పుడో వచ్చే డబ్బు. బిల్లింగ్ కౌంటరు దగ్గర అడిగేది ఈ పూట డబ్బు. డిశ్చార్జి అభ్యర్థన అందాక మూడు గంటల్లో ఆమోదం తేల్చాలని 2024 మే సర్క్యులర్‌లో ఐఆర్‌డీఏఐ రాసింది, బాగానే ఉంది. కాదంటే మాత్రం ఆ సాయంత్రం కట్టాల్సింది మీరే. క్యాష్‌లెస్ పూర్తిగా వచ్చినా చేరేటప్పుడు డిపాజిట్ అడుగుతారు, గ్లవ్స్ దగ్గర్నుంచి పాలసీ ఇవ్వని ఖర్చులు ఉంటాయి, పైస్థాయి గది తీసుకుంటే మిగతా బిల్లులోనూ దామాషాగా కోత పడుతుంది.

అందుకని క్లెయిమ్ డబ్బు రాగానే ప్లాటుకు అడ్వాన్సు ఇవ్వకండి, సిప్ పెంచకండి. మీ ఇంటి ఖర్చు నెలకు 35,000 అనుకుంటే ఆరు నెలలకు 2,10,000. అరవై దాటిన అమ్మానాన్నల కోసం దాని మీద ఇంకో లక్ష. మొత్తం 3,10,000 స్వీప్ ఎఫ్‌డీలో (అవసరమైనప్పుడు పొదుపు ఖాతా నుంచే తీసుకోగలిగే డిపాజిట్) వేయండి. చిట్టీలో వద్దు, పాట మన అవసరానికి రావాలని లేదు. ఖాతా మీ ఒక్కరి పేరిట కాకుండా మీ ఆవిడతో కలిపి, ఇద్దరిలో ఎవరైనా తీసుకునేలా పెట్టండి. రేపు మంచం మీద ఉన్నది మీరే అయితే కార్డు పిన్ ఎవరు చెబుతారు? ఆ 3,10,000 నిండాకే సిప్ మళ్లీ మొదలుపెట్టండి.

చివరిగా, ఆ డెఫిషియన్సీ మెయిల్ ఏజెంటుకు ఎందుకు వెళ్లింది? ప్రపోజల్ ఫారం నింపినప్పుడు తన ఈమెయిలే రాసుకుని ఉంటాడు. ఫోన్ నంబరు కూడా ఒకసారి చూడండి. రెండూ మీవిగా మార్చమని కంపెనీకే నేరుగా రాయండి, ఏజెంటును మధ్యలో పెట్టుకోవద్దు.