స్పోకెన్ ఇంగ్లిష్ క్లాసులో ఫోటో ఎడిటింగ్: మౌస్ ఒకరికి, మాట ఇంకొకరికి

మీరు అడిగింది ఇది: కాలనీ కమ్యూనిటీ హాల్లో పెద్దవాళ్ళకి సాయంత్రాలు స్పోకెన్ ఇంగ్లిష్ చెబుతున్నారు. వాళ్ళలో చాలామంది ఫోటో ఎడిటింగ్ కూడా నేర్పమంటున్నారు. ఉచితంగా దొరికే ఆన్‌లైన్ టూల్స్‌తో రెండూ కలిపి నేర్పడం కుదురుతుందా, కుదిరితే ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలి, ఫోటోషాప్ కొనాలా అని.

కుదురుతుంది. ఫోటోషాప్ కొనక్కర్లేదు. చిక్కడపల్లిలో నా సాయంత్రం బ్యాచ్‌లో కొన్నేళ్ళుగా చేస్తున్నది ఇదే. కాకపోతే ఒక్క షరతు ఉంది. ఎడిట్ చేసే మనిషి వేరు, ఎలా చేయాలో చెప్పే మనిషి వేరుగా ఉండాలి. ఎవరి ఫోటో వాళ్ళే కూర్చుని సరిచేసుకుంటే గంటసేపు మౌస్ క్లిక్కులు తప్ప ఇంకేమీ వినిపించదు. ఎడిటింగ్ వస్తుంది, ఇంగ్లిష్ రాదు.

మా పద్ధతి ఇలా ఉంటుంది. ఇద్దరికి ఒక ల్యాప్‌టాప్. ఫోటో ఎవరిదైతే వాళ్ళు మౌస్ ముట్టుకోకూడదు, స్క్రీన్ మీద వేలు పెట్టి చూపించకూడదు. నోటితోనే చెప్పాలి, అదీ ఇంగ్లిష్‌లో. మౌస్ పట్టుకున్నవాళ్ళు చెప్పింది చేయాలి, చెప్పనిది చేయకూడదు, అర్థం కాకపోతే అడగాలి. వేలు పెట్టకూడదనే నియమాన్ని మాత్రం అస్సలు వదలకండి. "దిస్ వన్, దట్ సైడ్" అంటూ వేలితో చూపించేస్తే ఇంక మాటతో పనేముంటుంది? మొదట్లో ఎవరికీ చేతులు ఊరుకోవు. అందుకని నేను ఫోటో తెచ్చినవాళ్ళ చేతికి టీ గ్లాసు ఇచ్చేస్తాను.

మొన్నటి బ్యాచ్‌లో ఒక జంట గురించి చెబుతాను. ఒకరు ముషీరాబాద్‌లో చిన్న బొటిక్ నడిపే ఆవిడ. ఇంకొకరు అశోక్‌నగర్ హాస్టల్లో ఉండి బ్యాంకు పరీక్షలకి చదువుతున్న కుర్రాడు. ఆవిడ మగ్గం వర్క్ చేయించిన మెరూన్ బ్లౌజ్ ఫోటో తెచ్చింది. షాపులో పసుపు ఫోకస్ లైట్ల కింద తీయడంతో మెరూన్ కాస్తా ఇటుక రంగైపోయింది. అలాంటి ఫోటో వాట్సాప్ స్టేటస్‌లో పెడితే "ఫోటోలో ఒక రంగు, చేతికొచ్చాక ఇంకో రంగు" అని కస్టమర్లు వచ్చి కూర్చుంటారట.

"కలర్ ఈజ్ నాట్ దిస్ కలర్" అంది. అతను రంగుల పాళ్ళు సరిచేసే కలర్ బ్యాలెన్స్ తెరిచి "మోర్ రెడ్, ఆంటీ?" అన్నాడు. ఎరుపు పెంచితే ఇంకా పాడైంది. "నో, నో, గో బ్యాక్." కాసేపు ఇద్దరూ స్క్రీన్‌ని చూస్తూ ఉండిపోయారు. అక్కడ మూడు స్లైడర్లు ఉంటాయి. ఒకటి సయాన్ నుంచి రెడ్‌కి, ఒకటి మెజెంటా నుంచి గ్రీన్‌కి, ఒకటి ఎల్లో నుంచి బ్లూకి. ఆవిడ ఒక్కొక్కటీ కూడబలుక్కుని చదివి, "లెస్ ఎల్లో" అంది. అతను మూడో స్లైడర్‌ని బ్లూ వైపు జరిపాడు. "మోర్... మోర్... స్టాప్! టూ మచ్. లిటిల్ బ్యాక్." బట్ట మెరూన్‌లోకి వచ్చి, జరీ ఇంకా బంగారంలాగే ఉన్న చోట ఆపించింది. మోర్, లెస్, టూ మచ్ ఆవిడ నోట్‌బుక్‌లో అంతకు ముందే ఉన్నాయి. అవసరంకొద్దీ నోట్లోంచి రావడం మాత్రం ఆ రోజే చూశాను.

ఇది నేను కనిపెట్టిన విద్యేమీ కాదు. ఎన్. ఎస్. ప్రభు అనే ఇంగ్లిష్ బోధనా నిపుణుడు 1979 నుంచి 1984 దాకా దక్షిణ భారతంలోని కొన్ని బడుల్లో ఒక ప్రయోగం నడిపారు. బెంగళూరు ప్రాజెక్టు అంటారు. గ్రామర్ సూత్రాలు పక్కన పెట్టి, పిల్లలకి మ్యాపులు, రైల్వే టైంటేబుళ్ళ లాంటివి ఇచ్చి, వాటితో ఏదో ఒకటి తేల్చమనేవారు. ఆ పనుల్ని ఆయన మూడు రకాలుగా విడదీశారు. ఒకరికి తెలిసింది ఇంకొకరికి తెలియక చెప్పుకోవాల్సి రావడం ఒకటి. ఇచ్చిన వివరాల నుంచి ఆలోచించి తేల్చడం ఒకటి. అభిప్రాయం చెప్పడం ఒకటి. ఆయన మొగ్గు రెండోదానికి. ఫోటో ఎడిటింగ్‌లో మూడూ దొరుకుతాయి. బ్లౌజ్ రంగు మొదటి రకం, ఎందుకంటే అసలు రంగు ఆవిడకే తెలుసు, మౌస్ అతని చేతిలో ఉంది.

రెండో రకానికి అశోక్‌నగర్ కుర్రాళ్ళ అప్లికేషన్ ఫోటోలను మించింది లేదు. ఐబీపీఎస్ బ్యాంకు పరీక్షకి ఫోటో 200×230 పిక్సెల్స్ ఉండాలని, ఫైలు 20 నుంచి 50 కేబీ మధ్య ఉండాలని, సంతకం 140×60 పిక్సెల్స్, 10 నుంచి 20 కేబీ అని అడుగుతుంటారు. నోటిఫికేషన్‌లోని ఆ ఇంగ్లిష్ పేరా ప్రింటు తీసి ఇవ్వండి. ఎప్పటికప్పుడు కొత్త నోటిఫికేషనే వాడండి, నిబంధనలు మారుతుంటాయి. ఆ పేరాలో ఏముందో ఒకరు చదివి చెప్పాలి, ఇంకొకరు చేయాలి. ఇక్కడే అసలు సరదా. ఫోన్‌లో తీసిన ఫోటో సాధారణంగా 3:4 కొలతలో ఉంటుంది. దాన్ని క్రాప్ చేయకుండా, అంటే అంచులు కత్తిరించకుండా, తిన్నగా 200×230కి కుదిస్తే ముఖం పక్కలకి సాగి ఉబ్బినట్టవుతుంది. అందరూ నవ్వుతారు. ఎందుకలా అయిందో ఇంగ్లిష్‌లో చెప్పమనండి. "బికాజ్" వచ్చి తీరుతుంది. ముందు 200×230 నిష్పత్తిలో క్రాప్, తర్వాత రీసైజ్ అని వాళ్ళే తేల్చుకుంటారు.

ఇంకో తిరకాసు ఉంది. 200×230 అంటే చాలా చిన్న ఫోటో. మామూలు క్వాలిటీలో సేవ్ చేస్తే ఒక్కోసారి 20 కేబీకి తక్కువే వస్తుంది, సైటు తీసుకోదు. సైజు ఎక్కువైందని ఏడ్చేవాళ్ళే అందరూ అనుకుంటాం గానీ, తక్కువైందని ఏడ్చేవాళ్ళూ ఉన్నారు. ఫోటోని జేపీజీగా ఎక్స్‌పోర్ట్ చేసే చోట క్వాలిటీ స్లైడర్ జరుపుతుంటే కేబీ అంకె మారుతూ కనిపిస్తుంది. "ఇట్ ఈజ్ ఓన్లీ ఫోర్టీన్. ఇట్ మస్ట్ బి ఎట్ లీస్ట్ ట్వంటీ." ఎట్ లీస్ట్, నాట్ మోర్ దాన్, బిట్వీన్ అనేవాటిని బోర్డు మీద ఎన్ని ఉదాహరణలతో చెప్పినా ఇంత పని జరగదు.

టూల్స్ సంగతి. నేను ఎక్కువగా వాడేది ఫోటోపియా. 2013లో ఇవాన్ కుత్స్కిర్ అనే ప్రోగ్రామర్ మొదలుపెట్టింది. బ్రౌజర్‌లోనే తెరుచుకుంటుంది, ఇన్‌స్టాల్ చేసే పని లేదు, ఉచిత వెర్షన్‌లో పక్కన ప్రకటనలు వస్తాయి అంతే. మెనూలు, షార్ట్‌కట్లు దాదాపు ఫోటోషాప్‌వే కాబట్టి రేపు ఎవరైనా ఫ్లెక్సీల షాపులోనో పెళ్ళికార్డుల షాపులోనో పనికి చేరితే తడుముకోరు. ఇంకో మేలు, ఫోటో వాళ్ళ సర్వర్‌కి వెళ్ళదు, పని మొత్తం మన కంప్యూటర్లోనే జరుగుతుంది. ఒకసారి పేజీ పూర్తిగా లోడయ్యాక నెట్ పోయినా నడుస్తుంది. కమ్యూనిటీ హాల్ వైఫై ఎలా ఉంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు. ఒక్క జాగ్రత్త: అందులో మామూలుగా "సేవ్" కొడితే ఫోటోషాప్ రకం పీఎస్‌డీ ఫైలు వస్తుంది, ఫోన్లో తెరుచుకోదు. "ఎక్స్‌పోర్ట్ యాజ్" నుంచి జేపీజీ తీసుకోమని మొదటి రోజే చెప్పండి. లేకపోతే రాత్రి పదింటికి మీకు ఫోన్లు వస్తాయి.

కాన్వా అనే డిజైన్ సైటు పోస్టర్లకి, పండగ గ్రీటింగులకి బాగుంటుంది, చివర్లో పెట్టుకోండి. ల్యాప్‌టాప్‌లు దొరక్కపోతే ఫోన్లలో గూగుల్ వాళ్ళ స్నాప్‌సీడ్ యాప్ సరిపోతుంది, డబ్బులు కట్టక్కర్లేదు. ఏది వాడినా మెనూ మాత్రం ఇంగ్లిష్‌లోనే ఉంచండి. క్రోమ్ పేజీని తెలుగులోకి మారుస్తానని అడిగితే వద్దనండి.

బ్యాక్‌గ్రౌండ్‌ని ఒక్క క్లిక్‌తో తీసేసే సైట్లు, ముఖాన్ని తనంతట తనే మెరిపించే యాప్‌లు మొదటి నెల దగ్గరికి రానివ్వకండి. వాటి మీద నాకు కోపమేమీ లేదు, ఇంటి దగ్గర నేనూ వాడతాను. కానీ క్లాసులో అవి మాటని మింగేస్తాయి. బటన్ నొక్కారు, అయిపోయింది, ఇంక ఎవరు ఎవరితో ఏం మాట్లాడాలి? చార్మినార్ ముందు దిగిన ఫోటోలో వెనకాల ఉన్న ఆటోని చేత్తో తీయమనండి, చూడండి. "ద ఆటో బిహైండ్ మీ. నో, నాట్ దట్ ఆటో. ద వన్ నెక్స్ట్ టు ద ఫ్రూట్ బండి." బండికి ఇంగ్లిష్ తట్టకపోతే తట్టలేదు, పోనివ్వండి.

మీకు ఎదురయ్యే ఇబ్బంది ఒకటి ముందే చెబుతాను. పెద్దవాళ్ళతో కుర్రవాళ్ళని జంట కడితే, చిన్నవాళ్ళు "క్రాప్ ఇట్", "మూవ్ ఇట్" అనడానికి నీళ్ళు నములుతారు. తండ్రి వయసు మనిషికి పని పురమాయిస్తున్నట్టు ఉంటుంది మరి. అలాంటప్పుడు "కెన్ యూ క్రాప్ ఇట్, సార్?", "కుడ్ యూ మేక్ ఇట్ ఎ లిటిల్ బ్రైటర్?" అని ముందే నేర్పేయండి. ఎలాగూ ఆఫీసులో, కస్టమర్‌తో వాళ్ళకి కావాల్సింది ఆ రూపమే.

మా దగ్గర రిటైరైన ఆర్టీసీ కండక్టర్ గారు ఒకాయన తన పెళ్ళి ఫోటో తెచ్చారు. బ్లాక్ అండ్ వైట్, పసుపు పట్టింది, మధ్యలో మడత గీత, అక్కడక్కడా బూజు మచ్చలు. అద్దం తీయకుండానే ఫ్లాష్ వేసి ఫోన్లో తీశారు, మధ్యలో తెల్లటి మెరుపు తప్ప ఏమీ లేదు. ఫ్రేములోంచి బయటికి తీసి, కిటికీ దగ్గర ఎండ తగలని చోట బల్ల మీద పరిచి, ఫోన్‌ని దానికి సమాంతరంగా పట్టుకుని మళ్ళీ తీయించాం. డీశాచురేట్ చేస్తే, అంటే రంగులన్నీ తీసేస్తే, పసుపు పోయింది. మచ్చలకి స్పాట్ హీలింగ్ బ్రష్, అది మచ్చని చుట్టుపక్కల భాగంతో పూడ్చేస్తుంది. మడత గీత సరిగ్గా వాళ్ళ అన్నయ్యగారి ముఖం మీదుగా వెళ్ళింది. మౌస్ పట్టుకున్న అమ్మాయి అక్కడ ఆగి, "హూ ఈజ్ దిస్, సార్?" అంది. ఆయన మొదలుపెట్టారు. "మై ఎల్డర్ బ్రదర్. హీ వర్క్‌డ్ ఇన్ సింగరేణి. హీ బాట్ దిస్ సూట్ ఫర్ మీ." అంతకు ముందు వారమంతా పాస్ట్ టెన్స్ దగ్గర మొరాయించిన మనిషి! పాత ఫోటోలు తెప్పించండి. వాటిలో ఉన్నదంతా జరిగిపోయిందే కాబట్టి పాస్ట్ టెన్స్ వాడక తప్పదు. బ్రష్ సైజు మాత్రం మచ్చ కంటే కాస్తే పెద్దగా పెట్టుకోవాలి. మరీ పెద్దదైతే కన్నూ ముక్కూ కలిసిపోతాయి.

అభిప్రాయాల రకానికి నేను పెళ్ళి బయోడేటా ఫోటో వాడతాను. ఎవరో ఒకరు అడుగుతారు, "మేడమ్, మా అమ్మాయి ఫోటో కొంచెం తెల్లగా చేయొచ్చా?" అని. నేను జవాబు చెప్పను, క్లాసు మీదకి వదిలేస్తాను. వెలుతురు సరిచేయడం వేరు, రంగు మార్చడం వేరు అని ఒకరు, పెళ్ళిచూపుల్లో ఎలాగూ తెలిసిపోతుంది కదా అని ఒకరు, అందరూ చేస్తున్నప్పుడు మనం చేయకపోతే నష్టం కదా అని ఇంకొకరు. "షుడ్", "షుడ్‌న్ట్" గాల్లో ఎగురుతుంటాయి. నా అభిప్రాయం అడిగితే, ఫోటోలో వెలుతురు ముట్టుకోండి గానీ మనిషిని ముట్టుకోకండి అంటాను. పరీక్షల ఫోటోల్లో అయితే వాదనే లేదు. ముఖాన్ని మార్చిన ఫోటోతో హాల్లోకి వెళ్తే చిక్కుల్లో పడతారు. ఆ మాట ఖచ్చితంగా చెప్పండి.

ఆధార్, సర్టిఫికెట్ల స్కాన్లని మాత్రం కనిపించిన ప్రతి ఉచిత సైటులోకీ ఎక్కించొద్దని హెచ్చరించండి. బ్యాక్‌గ్రౌండ్ తీసే సైట్లలో చాలావాటిలో ఫోటో వాళ్ళ సర్వర్‌కి వెళ్ళాకే పని జరుగుతుంది. ప్రాక్టీసుకి బ్లౌజులు, బిర్యానీ, బాల్కనీలో కుండీలు ఏవైనా చాలు.

సర్టిఫికెట్ ఇవ్వాలా అని కూడా అడుగుతారు చూడండి. నేనైతే ఇవ్వను. దాని బదులు చివరి క్లాసులో ఒక్కొక్కరు ఎడిట్ చేయకముందు ఫోటో, చేశాక ఫోటో రెండూ చూపించి, ఏమేం చేశారో వరసగా చెప్పాలి. "ఫస్ట్ ఐ క్రాప్డ్ ఇట్. దెన్ ఐ రెడ్యూస్డ్ ద ఎల్లో." కాగితం చూడకూడదు.

మొదటి క్లాసుకి ముందు ఒక మెసేజ్ పెట్టండి. తలా ఒక ఫోటో, వాళ్ళకి నిజంగా పనికొచ్చేది, వాట్సాప్‌లో మామూలు ఫోటోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపమని. మామూలుగా పంపితే వాట్సాప్ దాన్ని నలిపేస్తుంది, జూమ్ చేయగానే గళ్ళు గళ్ళుగా కనిపిస్తుంది. ఒక ఎక్స్‌టెన్షన్ బాక్సు, నాలుగైదు వైరు మౌసులు కొనుక్కోండి. కొత్తవాళ్ళకి టచ్‌ప్యాడ్ మీద డ్రాగ్ చేయడం రాదు, సగం క్లాసు దానికే పోతుంది.